అశరీరవాణికి ఆహార్యం: అమెరికన్ నెట్‌వర్క్ రేడియో స్వర్ణయుగంలో గొంతు, దేహం

వ్యాససంగ్రహం: అమెరికాలో 1920ల చివరి నుంచి 1950ల వరకు సాగిన నెట్‌వర్క్ రేడియో కాలాన్ని స్వర్ణయుగం అంటారు. శ్రోత ఊహకు పూర్తి స్వేచ్ఛనిచ్చిన కళగా దానిని ప్రశంసించడం పరిపాటి. రేడియో నటనలో దేహం అదృశ్యం కాలేదనీ, ఆహార్యం చేయవలసిన పనిని వాచికమే చేసిందనీ, దేహాన్ని దాటే వెసులుబాటు అందరు నటులకూ సమానంగా దక్కలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రేడియో నాటకం, వాచికాభినయం, ఆహార్యం, ఏమస్ అండ్ ఆండీ, బ్యూలా, జాక్ బెన్నీ, డెస్టినేషన్ ఫ్రీడమ్.

1. ఉపోద్ఘాతం

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. వాచికాన్ని వివరించే సందర్భంలో వాక్కును నాట్యానికి తనువుగా పేర్కొన్నాడు. అంగాలూ నేపథ్యమూ సత్త్వమూ వాక్యార్థాన్ని వ్యక్తం చేయడానికే ఉన్నాయని ఆయన భావన. రంగస్థలం మీద ఈ నాలుగూ కలిసే ఉంటాయి కాబట్టి ఆ మాటను విడిగా పరీక్షించే అవకాశం చాలా కాలం రాలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో రేడియో వచ్చి నటుడి చేతులను, ముఖాన్ని, దుస్తులను, రంగులను తీసివేసి గొంతును మాత్రమే మిగిల్చింది. వాక్కు నిజంగా తనువు కాగలదా అన్న ప్రశ్నకు అమెరికన్ నెట్‌వర్క్ రేడియో ఇచ్చిన సమాధానం విస్తృతమైనది, కొంత ఇబ్బందికరమైనది కూడా.

ఆ కాలపు రేడియోను మెచ్చుకునేవారు తరచుగా వాడే మాట 'మనసులోని రంగస్థలం'. తెరలు, దీపాలు, వేషాలు ఏవీ లేకుండా శ్రోత తన ఊహతోనే దృశ్యాన్ని నిర్మించుకుంటాడు కాబట్టి ఇది అన్ని కళల్లోకీ స్వేచ్ఛ గలదని వారి వాదం. ఇందులో నిజం ఉంది కాని సగమే. శ్రోత ఊహ శూన్యంలో పనిచేయదు. ఒక గొంతు వినగానే అతడికి తెలియకుండానే ఒక వయసు, ఒక ప్రాంతం, ఒక వర్గం, ఒక చర్మపు రంగు మనసులో స్థిరపడతాయి. రెండు వాక్యాలు వినేసరికి మాట్లాడేవారిది ఏ జిల్లానో, ఏ వర్గమో పోల్చుకోవడం అలవాటైన తెలుగువారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

నాటి రేడియో అనగానే అందరికీ గుర్తొచ్చేది 1938 అక్టోబరు 30 రాత్రి ఆర్సన్ వెల్స్ బృందం ప్రసారం చేసిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'. అంగారకుల దాడి నిజమనుకొని జనం ఎంత మేరకు భయపడ్డారన్నది పరిశోధకుల మధ్య ఇప్పటికీ వివాదమే. ఆ ఒక్క రాత్రికి దక్కిన ప్రచారం వల్ల వారం వారం, కొన్ని సందర్భాల్లో రోజూ, దశాబ్దాల పాటు పనిచేసిన నటుల కళ మరుగున పడింది. అందుచేత ఈ వ్యాసం ఆ ప్రసారాన్ని పక్కన పెట్టి ఆ నటుల వైపు దృష్టి మళ్లిస్తుంది.

2. తీగలు, ప్రాయోజకులు

ఎన్‌బీసీ నెట్‌వర్క్ 1926 నవంబరు 15న తొలి ప్రసారం చేసింది. మరుసటి ఏడాది సీబీఎస్, 1934లో మ్యూచువల్ వచ్చాయి. వేర్వేరు నగరాల్లోని స్టేషన్లను టెలిఫోన్ తీగలతో కలిపి, ఒకచోట పలికిన మాటను ఒకే క్షణంలో దేశమంతటా వినిపించడమే నెట్‌వర్క్ పని. రికార్డు చేసిన కార్యక్రమాలను పెద్ద నెట్‌వర్కులు చాలా కాలం అనుమతించలేదు. తూర్పు, పశ్చిమ తీరాల మధ్య మూడు గంటల తేడా ఉన్నందున అనేక బృందాలు ఒకే సాయంత్రం ఒకే నాటకాన్ని రెండుసార్లు ప్రత్యక్షంగా ప్రదర్శించేవి. నటులు పాఠం కంఠస్థం చేయనక్కరలేదు. కాగితాలు చప్పుడు కాకుండా పట్టుకొని మైకు ముందు నిలబడి చదివేవారు. చదువుతున్నట్టు తెలియకుండా చదవడంలోనే వారి నేర్పు ఉంది.

ఈ కార్యక్రమాలకు యజమానులు నెట్‌వర్కులు కారు, ప్రాయోజకులు. పళ్ల పేస్టు, కాఫీ, జెల్లీ పొడి, నేలకు పూసే మైనం, సిగరెట్లు అమ్మే కంపెనీలు వేళను కొనుక్కునేవి. వాటి ప్రకటన సంస్థలే రచయితలను, నటులను కుదిర్చేవి. 1967లో వివిధభారతిలో వాణిజ్య ప్రసారాలు మొదలయ్యే వరకు ప్రకటనలే లేని ఆకాశవాణిని విన్న శ్రోతకు ఈ ఏర్పాటు ఊహించడం కష్టం. జాక్ బెన్నీ కార్యక్రమం కొన్నేళ్లపాటు 'జెల్-ఓ ప్రోగ్రామ్' అన్న పేరుతోనే ప్రసారమైంది. ప్రాయోజకుడికి కావలసింది సరుకు అమ్ముడు పోవడం. దక్షిణాది రాష్ట్రాల శ్వేతజాతి కొనుగోలుదారులకు కోపం వస్తుందేమోనన్న భయంతో నల్లజాతి నటులకు ప్రధాన పాత్రలివ్వడానికి వారు జంకేవారు. కనిపించని మాధ్యమంలో కూడా చర్మపు రంగు లెక్కకు రావడానికి మూలం ఇక్కడ ఉంది.

3. వినిపించిన ముఖం

జాక్ బెన్నీ (1894-1974) సొంత కార్యక్రమం 1932 మే 2న మొదలైంది. వాడెవిల్ వేదికల మీద వయొలిన్ పట్టుకొని హాస్యం చెప్పిన ఈ నటుడు రేడియోలో చేసిన పెద్ద మార్పు హాస్యగాడి స్థానాన్ని తారుమారు చేయడం. చుట్టూ ఉన్నవారందరూ అతడి మీద జోకులు వేస్తారు, అతడు భరిస్తాడు. పిసినారి, ఎన్నేళ్లు గడిచినా ముప్పై తొమ్మిది దాటనివాడు, వయొలిన్ వాయించడం రాకపోయినా వచ్చనుకునేవాడు. నిజజీవితంలో అతడు ఉదారుడని ఎరిగినవారు చెప్పేవారు. శ్రోతలకు మాత్రం ఆ పిసినారే అసలు బెన్నీ.

1948 మార్చి 28 నాటి ప్రసారంలో ఒక దొంగ అతణ్ణి దారికాచి, డబ్బు ఇస్తావా ప్రాణం ఇస్తావా అని అడుగుతాడు. బెన్నీ మాట్లాడడు. ఆ నిశ్శబ్దంలో ప్రేక్షకుల నవ్వు మొదలవుతుంది. దొంగ రెట్టించి అడిగినప్పుడు, ఆలోచిస్తున్నానని విసుక్కుంటాడు. రేడియో చరిత్రలో అతి దీర్ఘమైన నవ్వు ఇదేనన్న ప్రచారం ఉంది కాని ఆ మౌనం నిడివి కొన్ని క్షణాలే. ఇక్కడ నిడివి ముఖ్యం కాదు. రేడియోలో నిశ్శబ్దమంటే ఏమీ లేకపోవడం. స్టేషను ఆగిపోయిందేమోనని శ్రోత పెట్టె వైపు చూసే క్షణం అది. ఆ శూన్యాన్ని బెన్నీ సంభాషణగా మార్చగలిగాడంటే, అప్పటికి పదహారేళ్లుగా వారం వారం కట్టుకుంటూ వచ్చిన పాత్ర శ్రోత మనసులో అంత బలంగా నిలిచి ఉండడమే కారణం. పాత్ర తెలియనివారికి అక్కడ జోకు లేదు.

అయితే ఆ నవ్వు ఎవరిది? స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకులది. వారికి బెన్నీ ముఖం కనిపిస్తోంది. చెంపకు చెయ్యి ఆనించి నిస్సహాయంగా చూసే అతడి చూపు తర్వాతి కాలంలో టెలివిజన్ ద్వారా ప్రసిద్ధమైంది. ఇంట్లో వినే కోట్లమందికి ఆ చూపు లేదు, చూసినవారి నవ్వు మాత్రం ఉంది. ఆంగికం నేరుగా కాకుండా సాక్షుల నవ్వు ద్వారా శ్రోతను చేరింది. స్వర్ణయుగపు హాస్య కార్యక్రమాల్లో స్టూడియో ప్రేక్షకులు ఈ విధంగా శ్రోతల తరఫున చూసే కళ్లుగా పనిచేశారు. మనసులోని రంగస్థలం అన్న మాట ఈ సాక్షులను మరచిపోతుంది. బెన్నీ విషయంలో ఈ ఏర్పాటు నిర్దోషమైన ఆనందాన్నిచ్చింది. మరోచోట అదే ఏర్పాటు వేరే పని చేసింది. దాని చర్చ ఐదవ భాగంలో వస్తుంది.

ఎడ్గార్ బెర్గెన్ విజయం కూడా ఈ దృష్టితోనే అర్థమవుతుంది. చెక్కబొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకొని పెదవులు కదపకుండా దానిచేత మాట్లాడించే వెంట్రిలాక్విస్టు అతడు. కళ్లకు కనిపించని చోట ఆ విద్యకు విలువేమిటని ఎవరైనా అడుగుతారు. 1937 నుంచి అతడి చార్లీ మెకార్తీ అమెరికాలోకెల్లా ప్రజాదరణ గల రేడియో పాత్రల్లో ఒకటి. శ్రోతలకు అది బొమ్మ కాదు, పొగరుబోతు కుర్రవాడు. గొంతు నిజమైతే దేహం చెక్కదైనా సరే. ఈ సూత్రాన్ని ఎవరు ఎవరి మీద ప్రయోగించవచ్చు అన్నదే ముందున్న ప్రశ్న.

4. గొంతుకు పూసిన నల్లరంగు

ఫ్రీమన్ గోస్డెన్ వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, చార్లెస్ కొరెల్ ఇల్లినాయ్‌లోని పియోరియాలో పుట్టారు. ఇద్దరూ శ్వేతజాతీయులు. ఔత్సాహిక బృందాలకు మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు నేర్పే కంపెనీలో పనిచేశారు. ముఖానికి నల్లరంగు పూసుకొని నల్లజాతివారిని అనుకరిస్తూ నవ్వించడమే మిన్‌స్ట్రెల్ ప్రదర్శన. వీరిద్దరి 'ఏమస్ అండ్ ఆండీ' 1928 మార్చి 19న షికాగోలోని డబ్ల్యూఎమ్‌ఏక్యూ స్టేషనులో మొదలై, 1929 ఆగస్టు 19 నుంచి పెప్సొడెంట్ ప్రాయోజకత్వంలో ఎన్‌బీసీ ద్వారా దేశమంతటా వినిపించింది. పావుగంట ధారావాహిక. దక్షిణాది నుంచి ఉత్తరాది నగరానికి బతకడానికి వచ్చిన ఇద్దరు నల్లజాతి యువకులు, పైకప్పు లేని ఒక్క కారుతో నడిపే వారి టాక్సీ కంపెనీ, వారి అప్పులు, ప్రేమలు, మోసపోవడాలు ఇందులో కథ. ఉచ్ఛదశలో దాదాపు 4 కోట్లమంది విన్నారని అంచనా. ప్రసారవేళకు సినిమా ఆపి హాల్లోనే రేడియో వినిపించిన థియేటర్లు ఉన్నాయి.

ఈ ధారావాహికను హేళన అని ఒక్క మాటలో తోసివేయడం విమర్శ అనిపించుకోదు. గోస్డెన్, కొరెల్‌ల వాచికం అసాధారణమైనది. తొలి సంవత్సరాల్లో దాదాపు పాత్రలన్నిటినీ ఇద్దరే పలికారు. స్త్రీపాత్రలు ఫోనులో అవతలివారుగానో, ఇతరుల మాటల్లోనో ఉండేవి. ఆండీ కోసం కొరెల్ మైకుకు ఆనుకున్నంత దగ్గరగా బొంగురుగా పలికేవాడు. ఏమస్ కోసం గోస్డెన్ కొంత దూరంలో ఉండి సన్నని గొంతుతో, కింగ్‌ఫిష్ కోసం మరో స్థాయిలో మాట్లాడేవాడు. మైకుకూ నోటికీ మధ్య ఉన్న దూరాన్ని పాత్ర స్వభావంగా మార్చడం రేడియో నటనకు వీరు నేర్పిన పాఠం. ఆర్థికమాంద్యపు రోజుల్లో అద్దె కట్టలేని ఏమస్ ఆందోళనలో లక్షలాది శ్వేతజాతి కుటుంబాలు తమ ఆందోళనను విన్నాయి. నల్లజాతి శ్రోతల్లో కూడా అభిమానులు ఉండేవారు. షికాగో డిఫెండర్ పత్రిక పిల్లల కోసం జరిపిన ఉత్సవానికి వీరిద్దరూ అతిథులుగా వెళ్లారు.

అదే కాలంలో పిట్స్‌బర్గ్ కూరియర్ అన్న మరో నల్లజాతి పత్రిక 1931లో ఈ కార్యక్రమాన్ని ఆపాలని కోరుతూ 10 లక్షల సంతకాల సేకరణకు పూనుకుంది. కార్యక్రమం ఆగలేదు. ఆ పత్రిక అభ్యంతరాన్ని కళాదృష్టితో పట్టించుకున్నవారు తక్కువ. మిన్‌స్ట్రెల్ వేదిక మీద నల్లరంగు కనిపిస్తుంది. అది రంగని, కింద వేరే చర్మం ఉందని చూసేవారికి తెలుసు. భామాకలాపంలో పురుషుడు సత్యభామగా వచ్చినప్పుడు కూడా ప్రేక్షకుడు వేషాన్నీ వేషధారినీ ఒకేసారి చూస్తాడు. ఆ రెంటి మధ్య దూరంలోనే రసానుభవం ఉంది. గోస్డెన్, కొరెల్‌లు శ్వేతజాతీయులన్న సంగతి రహస్యమేమీ కాదు. పత్రికల్లో ఫోటోలు వచ్చేవి. అయినా వినే పావుగంటలో ఆ జ్ఞానం అక్కరకు రాదు. వాక్కే తనువైనచోట రంగుకూ చర్మానికీ మధ్య దూరం కనిపించదు. యాస, వ్యాకరణ దోషాలు, పదాల పొరపాట్లు వేషంగా కాక స్వభావంగా వినిపించాయి. ఆహార్యం వాచికంలో పూర్తిగా కలిసిపోయిన సందర్భం ఇది.

కలిసిపోయినదాన్ని విడదీసి చూపినప్పుడు ఏమవుతుందో 1930లో తేలింది. ఆర్‌కేఓ సంస్థ వీరితో 'చెక్ అండ్ డబుల్ చెక్' సినిమా తీసింది. ముఖాలకు నల్లరంగు పూసుకొని తెర మీదికి వచ్చిన ఆ ఇద్దరిలో రేడియో పాత్రలు దొరకలేదు. సినిమాకు డబ్బు వచ్చింది కాని ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయలేదు. అందులో వాయించిన డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందంలో మేనిఛాయ తక్కువ నలుపుగా ఉన్న బార్నీ బిగార్డ్, హువాన్ టిజోల్‌లకు కూడా నల్లరంగు పూశారు. శ్వేతజాతీయులు, నల్లజాతివారు కలిసి వాయిస్తున్నట్టు కనిపించకూడదన్నది కారణం. కెమెరా ముందు నల్లజాతి బృందంలోనివారు సైతం సమాజం కోరిన మేరకు నల్లగా కనబడాలి. మైకు ముందు తెల్లవాడు నల్లవాడు కావచ్చు. రెండు మాధ్యమాల నియమాలు వేరుగా కనిపిస్తాయి గాని వాటిని నిర్ణయించిన చేయి ఒకటే.

5. ఇంట్లో వారికి తెలియని నవ్వు

మార్లిన్ హర్ట్ అనే శ్వేతజాతి నటుడు బ్యూలా అనే నల్లజాతి పనిమనిషి పాత్రను సృష్టించాడు. 1944లో ఆ పాత్ర 'ఫిబర్ మెగీ అండ్ మాలీ'లోకి వచ్చింది. హర్ట్ మైకుకు వీపు చూపి నిలబడేవాడు. తన వంతు వచ్చినప్పుడు గిరుక్కున తిరిగి ఆడగొంతుతో కేకపెట్టి పలికేవాడు. నల్లజాతి స్త్రీ గొంతు ఒక తెల్లని మగవాడి నోట రావడం చూసి స్టూడియో దద్దరిల్లేది. ఇంట్లో వింటున్నవారికి ఆ నవ్వు వినిపిస్తుంది, కారణం కనిపించదు. పనిమనిషి ఒక్క మాట అనగానే అంత నవ్వు ఎందుకో తెలియక, ఆమె మాటే అంత హాస్యాస్పదమని శ్రోత అనుకోవలసిందే.

బెన్నీ మౌనానికి వచ్చిన నవ్వునూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెంటిలోనూ స్టూడియో ప్రేక్షకులే సాక్షులు. అక్కడ సాక్షుల నవ్వు శ్రోతకు తెలిసిన పాత్రనే మరింత స్పష్టం చేసింది. ఇక్కడ వేషాన్ని చూసి పుట్టిన నవ్వు వేషం తెలియని శ్రోత చెవిలో పడి ఒక జాతి స్త్రీ మీది నవ్వుగా మారింది. స్టూడియోలో పరిహాసానికి గురైనది ఎదురుగా నిలబడ్డ నటుడి విచిత్రమైతే, ఇంట్లో గురైనది పాత్ర. ఒకే ప్రసారం రెండు చోట్ల రెండు నాటకాలైంది. స్వర్ణయుగపు హాస్యాన్ని ఇప్పుడు రికార్డుల్లో వినేవారు ఈ నవ్వుల దగ్గర ఆగి ఆలోచించడం అవసరం.

1945లో బ్యూలాకు సొంత కార్యక్రమం వచ్చింది. 1946లో హర్ట్ మరణించాక మరో శ్వేతజాతి నటుడు బాబ్ కోర్లీ ఆ గొంతును పలికాడు. 1947 నవంబరులో ఆ పాత్ర హ్యాటీ మెక్‌డానియెల్ చేతికి వచ్చింది. 'గాన్ విత్ ది విండ్'లో నటనకు ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. నెట్‌వర్క్ రేడియోలో ఒక నల్లజాతి స్త్రీ కార్యక్రమానికి నాయిక కావడం అదే మొదలు. కృత్రిమమైన యాసలో మాట్లాడనన్న షరతు మీద ఆమె అంగీకరించింది. ఈ షరతు విలువను తక్కువగా చూడరాదు. పాత్ర ఇంకా పనిమనిషే, కథలు ఇంకా పాతవే. అయినా గొంతుకు పూసిన రంగును తుడిచే హక్కును ఆమె కోరి తీసుకుంది. మూడేళ్ల పాటు ఇద్దరు పురుషులు వేసుకున్న వేషాన్ని దాని అసలు హక్కుదారుల్లో ఒకరు అందుకొని, ముందుగా చేసిన పని యాసను తీసివేయడం.

6. రాచెస్టర్

ఎడ్డీ యాండర్సన్ జాక్ బెన్నీ కార్యక్రమంలోకి 1937 మార్చి 28న రైలు పోర్టరుగా వచ్చాడు. ఒక్కసారికే ఉద్దేశించిన పాత్ర. గరగరలాడే ఆ గొంతుకు వచ్చిన స్పందన వల్ల కొన్నాళ్లలోనే బెన్నీ సేవకుడు రాచెస్టర్‌గా స్థిరపడ్డాడు. చిన్నతనంలో వీధుల్లో పత్రికలు అరిచి అమ్మడం వల్ల తన గొంతు అలా అయిందని అతడు చెప్పుకునేవాడు. ఆ మాట నిజమైతే, కోట్లమంది ఇష్టపడ్డ గొంతు ఒక పేదబాలుడి శ్రమ మిగిల్చిన గుర్తు. దేహం లేని గొంతు అంటూ ఉండదనడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

తొలి ఏళ్ల రాచెస్టర్‌లో జూదం, తాగుడు, ఆడవాళ్ల వెంట తిరగడం వంటి పాత మూసలు ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత బెన్నీ బృందం వాటిని చాలావరకు వదులుకుంది. 1950లో ఒకసారి 1941 నాటి పాఠాన్నే మళ్లీ వాడినప్పుడు శ్రోతల నుంచి నిరసన వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట చెల్లిన జోకు ఇప్పుడు చెల్లలేదు. మారినది పాత్ర ఒక్కటే కాదు, వినే చెవి కూడా. అన్నిటికంటె మెచ్చదగినది యజమాని, సేవకుల సంభాషణ లయ. రాచెస్టర్ తరచు ఫోనులో మాట్లాడతాడు, అంటే ఒక అశరీరవాణి లోపల మరొకటి. యజమాని పిసినారితనాన్ని అందరికంటె బాగా ఎరిగినవాడు అతడే. అతడి సమాధానాల్లో అణకువ మాటల్లో ఉంటుంది, ఎత్తిపొడుపు స్వరంలో ఉంటుంది. వాచికంలో అర్థమూ ధ్వనీ వేరువేరు దారుల్లో నడవగలవని అతడు చూపినంత స్పష్టంగా ఆ కాలంలో మరెవరూ చూపలేదు. టెలివిజన్ వచ్చాక కూడా ఆ పాత్ర అతడిదే. గొంతూ దేహమూ అతడి విషయంలో మొదటి నుంచీ ఒకటే.

7. దేహం తిరిగి వచ్చినప్పుడు

అందరికీ ఆ అదృష్టం లేదు. 1943 మే 25న 'సస్పెన్స్' కార్యక్రమంలో లూసీల్ ఫ్లెచర్ రాసిన 'సారీ, రాంగ్ నంబర్' ప్రసారమైంది. మంచం దిగలేని ఒక స్త్రీ భర్తకు ఫోను చేయబోతుంటే తీగలు కలిసిపోయి ఇద్దరు మగవాళ్లు హత్యకు పథకం వేయడం వినిపిస్తుంది. అర్ధగంటలో ఆమె ఆపరేటర్లను, పోలీసులను, ఆసుపత్రిని వేడుకుంటుంది. చంపబోయేది తననేనని గ్రహించేసరికి ఆలస్యమవుతుంది. ఈ నాటకంలో నాయిక కూడా శ్రోతే. ఆమెకూ ప్రపంచానికీ మధ్య ఉన్నది గొంతులు మాత్రమే. ఎగ్నెస్ మూర్‌హెడ్ ఆ పాత్రను పెంకితనంతో, విసుగుతో మొదలుపెట్టి, జాలి పుట్టకముందే భయం పుట్టించింది. శ్రోతకు నచ్చని స్త్రీ కోసం శ్రోత గుండె కొట్టుకునేలా చేయడం ఆమె గెలుపు. 1960 వరకు ఆమె దానిని రేడియోలో పలుమార్లు ప్రదర్శించింది. 1948లో సినిమా తీసినప్పుడు మాత్రం ఆ పాత్ర బార్బరా స్టాన్‌విక్‌కు వెళ్లింది. తెరకు తార కావాలి.

'గన్‌స్మోక్' విషయం మరీ విచిత్రం. 1952 ఏప్రిల్‌లో సీబీఎస్‌లో మొదలైన ఈ ధారావాహికలో మార్షల్ మాట్ డిలన్‌గా విలియమ్ కొన్రాడ్ పలికాడు. లోతైన, అలసిన గొంతు. న్యాయం చేసినందుకు సంతోషించలేని మనిషి ఆ గొంతులో ఉన్నాడు. నార్మన్ మక్‌డానెల్ నిర్వహణలో బూటు చప్పుడు, గాలి, దూరపు కుక్క అరుపు వినిపించడానికి సంభాషణల మధ్య ధారాళంగా చోటు వదిలారు. 1955లో అది టెలివిజన్‌కు వచ్చినప్పుడు పొట్టిగా, లావుగా ఉన్న కొన్రాడ్‌కు చోటు లేదు. ఆజానుబాహువైన జేమ్స్ ఆర్నెస్ డిలన్ అయ్యాడు. 1961 జూన్ వరకు ఆరేళ్లు ఒకే మార్షల్ రేడియోలో ఒకరుగా, టెలివిజన్‌లో మరొకరుగా బతికాడు. కొన్రాడ్ గొంతు తర్వాత 'ది ఫ్యుజిటివ్'కు వ్యాఖ్యానమైంది. అతడి దేహానికి తగిన నాయకపాత్ర 1971లో 'కానన్' అనే లావుపాటి డిటెక్టివ్ రూపంలో దొరికింది.

మూర్‌హెడ్, కొన్రాడ్‌లకు జరిగినది నష్టమే. కాని వారు రేడియోలో తమ దేహాలను దాటగలిగారు, ఆ తర్వాత కూడా వారికి పని దొరికింది. అదే 1950ల్లో ఏమస్, ఆండీలకు దేహాలు వెతకవలసి వచ్చినప్పుడు ప్రశ్న తలకిందులైంది. 1951 జూన్‌లో సీబీఎస్ టెలివిజన్‌కు ఆల్విన్ చైల్డ్రెస్, స్పెన్సర్ విలియమ్స్, టిమ్ మూర్‌లను తీసుకున్నారు. నల్లజాతివారు ఎలా మాట్లాడాలో గోస్డెన్ చెప్పబోగా, తనకు ఆ సంగతి తెలుసని విలియమ్స్ వాదించినట్టు తర్వాత చెప్పాడు. అనుకరణను చూసి అసలువారు అనుకరించవలసిన స్థితి. పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నిరసించింది. 1953లో కొత్త భాగాలు ఆగిపోయాయి. రేడియోలోనే పనిచేస్తూ వచ్చిన ఎర్నెస్టీన్ వేడ్ సఫైర్ పాత్రను రెండు మాధ్యమాల్లోనూ పోషించింది. ఆమె ప్రతిభను అనుమానించేవారు లేరు. ఆ ప్రతిభ చూపడానికి ఆమెకు దొరికిన చోటు మాత్రం ఇద్దరు తెల్లవారు కట్టిన ఇల్లు.

8. అదే స్టేషను, ఇరవై ఏళ్ల తర్వాత

'ఏమస్ అండ్ ఆండీ' పుట్టిన డబ్ల్యూఎమ్‌ఏక్యూలోనే 1948 జూన్ 27న 'డెస్టినేషన్ ఫ్రీడమ్' మొదలైంది. రచయిత రిచర్డ్ డరమ్ నల్లజాతివాడు. హ్యారియట్ టబ్‌మన్, సజర్నర్ ట్రూత్, డెన్మార్క్ వెసీ, జాకీ రాబిన్సన్ వంటివారి జీవితాలను వారం వారం అర్ధగంట నాటకాలుగా రాశాడు. ఆస్కార్ బ్రౌన్ జూనియర్, ఫ్రెడ్ పింకార్డ్, జానిస్ కింగ్స్‌లో వంటివారు నటించారు. దేశవ్యాప్త నెట్‌వర్క్ ప్రసారం లేదు. పళ్ల పేస్టు కంపెనీలు రాలేదు. షికాగో, దాని చుట్టుపక్కల వినేవారే శ్రోతలు.

వాచిక దృష్టితో ఈ నాటకాల ప్రాముఖ్యం వేరు. ఇందులో నల్లజాతి పాత్రలు ఒకే విధంగా మాట్లాడవు. వైద్యుడు వైద్యుడిలా, బానిస నాయకుడు ప్రవక్తలా, ఆటగాడు నగరపు కుర్రవాడిలా పలుకుతాడు. గొంతును బట్టి జాతిని పోల్చుకునే అలవాటును డరమ్ కావాలనే చెదరగొట్టాడు. ఇరవై ఏళ్లుగా దేశం చెవిలో నల్లతనమంటే ఒక యాస. డరమ్ నాటకాల్లో అది ఒక చరిత్ర, ఒక వాదన. కొన్నిచోట్ల ఉపన్యాస ధోరణి ఎక్కువై నాటకీయత తగ్గిన మాట నిజం. పాత్రలు సంభాషించవలసినచోట ప్రకటిస్తాయి. కాని అంతవరకు నవ్వించడానికే నోరు తెరిచిన పాత్రలకు ఒకసారి ప్రకటించే అవకాశం వచ్చినప్పుడు స్వరం హెచ్చడం సహజం.

1950లో డరమ్ నాటకాలు ఆగిపోయాయి. కార్యక్రమం పేరు మాత్రం ఆగలేదు. అదే 'డెస్టినేషన్ ఫ్రీడమ్' శీర్షిక కింద, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు శ్వేతజాతి వీరుడు పాల్ రివీర్ కథకుడిగా, దేశభక్తి కథలు వినిపించసాగాయి. వేళకు రేడియో పెట్టిన షికాగో శ్రోతకు పరిచితమైన పేరే వినిపించింది, ఆ వెనుక గొంతు వేరు.